కుంగు, కుములు, కూలు: మనిషి పడిపోవడానికి మన మాటలు

నల్లగొండలో ఒక దినపత్రిక జిల్లా పేజీలకు నేను కొన్నేళ్లు సబ్ ఎడిటర్‌గా పనిచేశాను. ఒక మే నెల సాయంత్రం నా బల్ల మీదికి మూడు వార్తలు వచ్చాయి. ధాన్యం కొనుగోలు కేంద్రంలో కాంటా కోసం మూడు రోజులుగా ఎదురుచూస్తున్న రైతు ఎండలో పడిపోయి చనిపోయాడు. పెళ్లి ఊరేగింపులో ఆడుతున్న ముప్పై ఏళ్ల యువకుడు ఉన్నట్టుండి పడిపోయాడు, ఆసుపత్రికి చేర్చేసరికే ప్రాణం లేదు. రోడ్డు ప్రమాదంలో పోయిన కొడుకును ఇంటికి తెచ్చినప్పుడు తల్లి వాకిట్లో పడిపోయింది, కాసేపటికి తేరుకుంది. మూడింటికీ విలేకరులు వాడిన క్రియ ఒక్కటే. కుప్పకూలాడు, కుప్పకూలాడు, కుప్పకూలింది. నేను మూడింటినీ అలాగే ఉంచి పేజీ పంపించేశాను.

రెండు రోజుల తర్వాత ఆ రైతు భార్య ఆఫీసుకు ఫోను చేశారు. వార్త తప్పని చెప్పడానికి కాదు. "కుప్పకూలాడని రాశారు సారూ. ఆయన కూలింది ఆ రోజు కాదు. సంక్రాంతి నుంచీ రంది పెట్టుకున్నాడు" అన్నారు. రెండు బోర్లు వేస్తే రెంటిలోనూ నీళ్లు పడలేదని, రాత్రుళ్లు లేచి వాకిట్లో కూర్చునేవాడని, అన్నం ముందు పెడితే కెలికి వదిలేసేవాడని చెప్పారు. ఎండదెబ్బకు పోయిన మనిషి గురించి మాట్లాడుతూ ఆమె ఎండ మాటే ఎత్తలేదు. నాకు జవాబు తోచలేదు. ఆ రోజు నుంచి, మనిషి ఒంటితోనో మనసుతోనో పడిపోవడాన్ని చెప్పే మాటలను ఒక్కొక్కటిగా రాసిపెట్టుకోవడం మొదలుపెట్టాను.

రాసుకుంటూ పోతే తెలిసింది, ఇవి పర్యాయపదాలు కావు. ఏది పడింది, ఎంత కాలంలో పడింది, పడినప్పుడు సోయి, అంటే స్పృహ, ఉందా, పక్కన ఎవరైనా ఉన్నారా అనే ప్రశ్నలకు ఒక్కో మాటలో ఒక్కో జవాబు ఉంది. వార్తల భాష వాటిలో ఒకే ఒక్క మాటను పట్టుకుని మిగతావాటిని వదిలేసింది. ఆ వదిలేసిన వాటిలోనే ప్రాణం కాపాడే సమాచారం ఉందని నా నమ్మకం.

ముందు కూలడం సంగతి చూద్దాం. కూలడం కట్టడాల మాట. గోడ కూలుతుంది, చెట్టు కూలుతుంది, మిద్దె కూలుతుంది. పాలమూరు పల్లెల్లో రాయీ మట్టీ కలిపి గోడలు లేపి, దూలాలు పరిచి, పైన మట్టి కప్పిన మిద్దెలు ఇప్పటికీ ఉన్నాయి. 2009 అక్టోబరులో తుంగభద్ర, కృష్ణా పొంగి అలంపురం ప్రాంతం మునిగినప్పుడు అలాంటి ఇళ్లు ఎన్నో పోయాయి. మట్టి మిద్దెల్లో పెరిగిన వాళ్లందరికీ ఒక విషయం తెలుసు. నానిన గోడ చాలాసార్లు వానలో కూలదు. వాన వెలిసి, ఎండ కాసి, ఇక పరవాలేదనుకుని మంచాలు లోపల వేసుకున్నాక కూలుతుంది. మనుషుల్లోనూ ఇది చూస్తాం. ఆసుపత్రి చుట్టూ తిరిగినన్ని రోజులు గట్టిగా నిలబడిన కొడుకు, తండ్రి దశదిన కర్మ అయిపోయిన మర్నాడు పడిపోతాడు. కూతురి పెళ్లి పందిరి విప్పేదాకా నవ్వుతూ తిరిగిన తండ్రి, బంధువులు బస్సెక్కాక మంచం పడతాడు. చూసేవాళ్లకు అది హఠాత్తుగా జరిగినట్టు ఉంటుంది. గోడ మాత్రం ఎప్పటి నుంచో నానుతూ ఉంది.

కూలడంలోనూ తేడాలున్నాయి. కూలబడటం అంటే కాళ్లలో సత్తువ పోయి ఉన్నచోట కూర్చుండిపోవడం. కూలబడిన మనిషికి అంతా వినిపిస్తూనే ఉంటుంది, అడిగితే జవాబు చెబుతుంది. చతికిలపడటంలో ఆశ వదులుకోవడం కలిసి ఉంది. పరీక్షలో తప్పిన పిల్లవాడు, ఓడిన జట్టు చతికిలపడతారు. కుప్పకూలడం వేరు. కుప్పకు ఆకారం లేదు. కల్లంలో పోసిన ధాన్యంలా చేయి ఎటో, కాలు ఎటో పడి ఉండటం అది. పడేటప్పుడు చేయి అడ్డం పెట్టుకునే తెలివి కూడా ఆ మనిషికి మిగలలేదని అర్థం. వైద్యులు అడిగే మొదటి ప్రశ్నల్లో ఇదొకటి: మెల్లగా ఒరిగిపోయాడా, నిలువునా పడ్డాడా? కూలబడ్డాడా, కుప్పకూలాడా అని మన భాష అడుగుతున్నదీ అదే. ఈ రెంటినీ కలిపేస్తే ఆ జవాబు పోతుంది.

2025 ఫిబ్రవరి 22న నాగర్‌కర్నూల్ జిల్లా దోమలపెంట దగ్గర శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్‌ఎల్‌బీసీ) సొరంగం పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోయారు. నల్లగొండకు కృష్ణా నీళ్లు తేవడానికి తవ్వుతున్న సొరంగం అది. సొరంగం కూలితే అందరం కారణాలు అడుగుతాం. ఊట ఎప్పటి నుంచి ఉంది, రాయి ఎక్కడ వదులుగా ఉంది, ఎవరు చూసి ఊరుకున్నారు అంటాం. అదే క్రియను మనిషికి వాడి పూర్ణవిరామం పెట్టేస్తాం. రైతు భార్య నన్ను నిలదీసింది ఆ పూర్ణవిరామం గురించే.

ఇక కుంగడం. నేల కుంగుతుంది, పునాది కుంగుతుంది. పొద్దు కుంకడం అన్నదీ దీనికి దగ్గరి మాటే. కుంగిన వస్తువు ఉన్నచోటే ఉంటుంది, ముక్కలు కాదు, కాస్త కాస్తగా కిందికి దిగుతుంది. అందుకే డిప్రెషన్‌కు తెలుగులో కుంగుబాటు అనే పేరు స్థిరపడటం నాకు చాలా సంతోషం కలిగించింది. ఇంగ్లీషు మాటలోనూ కిందికి నొక్కుకుపోవడమనే భావమే ఉంది, కానీ కుంగుబాటు అనగానే ఇంటి పునాది కళ్ల ముందుకు వస్తుంది. పునాది కుంగిన ఇంట్లో ముందు తలుపులు సరిగ్గా పడవు, తర్వాత గోడ మూల సన్నని గీత కనిపిస్తుంది. మనిషిలో నిద్ర, ఆకలి ముందు చెడతాయి. ఇష్టంగా చేసే పనులు విసుగనిపిస్తాయి. ఈ స్థితి రెండు వారాలకు మించి రోజంతా వదలకుండా ఉంటే వైద్యులు దాన్ని జబ్బు కింద చూస్తారు. మన దగ్గర చాలామంది మనసు బాగాలేదని చెప్పరు. ఒళ్లు నొప్పులు, తిమ్మిర్లు, కడుపులో మంట, లేవలేనంత నీరసం అని చెబుతారు. ఏళ్ల తరబడి వాటికే బలం సూదులు వేయించుకుంటారు.

కుమలడం ఇంకా లోతైనది. కుమ్ము అంటే పైన బూడిద, లోపల నిప్పు. ఊక కుప్పకు అంటుకున్న నిప్పు మంటగా లేవదు. పైనుంచి చూస్తే చల్లారినట్టే ఉంటుంది, చేయి పెడితే కాలుతుంది. కుమిలిపోవడం ఆ కాలడమే. కుమిలే మనిషి పొద్దున్నే లేస్తాడు, పాలు పితుకుతాడు, పొలానికి వెళతాడు, నలుగురిలో నవ్వుతాడు. కుంగిన వాడిని చూసి గుర్తుపట్టవచ్చు, కుమిలే వాడిని ఆ ఇంటి మనుషులు తప్ప ఎవరూ గుర్తుపట్టలేరు. కుమిలి కుమిలి అని రెండుసార్లు అనడంలో కాలం ఉంది. ఒక్క రోజు కుమిలాడని ఎవరూ అనరు.

రంది, మనాది దక్షిణ తెలంగాణ ఇళ్లలో రోజూ వినిపించే మాటలు. రంది అంటే లోపల తొలుస్తూ ఉండే బాధ. అప్పు రంది కావచ్చు, బిడ్డ పెళ్లి రంది కావచ్చు. మనాది అంతకంటే ముదిరిన దశ, మనిషిని మంచం పట్టించేది. ఆధి అంటే మనసు బాధ, వ్యాధి అంటే ఒంటి బాధ, ఆధివ్యాధులు అనే జంట అలా వచ్చిందే. మనాదిలో వినిపిస్తున్నది ఆ ఆధేనని నాకు అనిపిస్తుంది. "కొడుకు పోయిన మనాదితో ఆరు నెలలకే పోయింది" అనే వాక్యం మా వైపు ప్రతి ఊళ్లోనూ విన్నాను. మనాది మనిషిని చంపగలదని ఆ మాట వాడే వాళ్లకు ఎవరూ వివరించనక్కర లేదు.

ఈ మాటల వ్యాకరణంలో ఒక చిక్కు ఉంది, దాన్ని దాటి పోలేను. జ్వరం వస్తుంది. దెబ్బ తగులుతుంది. రంది మాత్రం పెట్టుకుంటాం, బెంగ కూడా పెట్టుకుంటాం. జ్వరానికి మనం కారణం కాదన్నట్టు, రందిని మనమే తెచ్చి గుండెలో పెట్టుకున్నట్టు ఉంటుంది ఆ క్రియ. "రంది పెట్టుకోకు" అని ప్రేమగా చెప్పే మాటలో తెలియకుండానే ఒక నింద చేరుతుంది. వదిలించుకోవడం నీ చేతిలోనే ఉంది, నువ్వే వదలడం లేదని. చెప్పినవారి మనసులో నింద లేకపోయినా, విన్న మనిషి మీద ఇంకో బరువు పడుతుంది. రంది వచ్చిందని, రంది పట్టుకుందని అంటే ఆ బరువు తగ్గుతుంది. కొందరు వృద్ధులు "రంది పట్టింది" అనడం విన్నాను, ఆ వాడుక నాకు చాలా నచ్చింది.

బెంగకు ఎప్పుడూ ఒక మనిషి ఉంటారు, ఇక్కడ లేని మనిషి. పాలమూరు నుంచి తల్లిదండ్రులు పనుల కోసం ముంబయికో పుణేకో వలస పోతే, ముసలివాళ్ల దగ్గర మిగిలిన పిల్లలకు వచ్చేది బెంగే. హాస్టల్లో చేరిన మొదటి నెలలో వచ్చేదీ అదే. దిగులు రేపటి గురించి, గుబులు ఈ క్షణం గురించి.

ఇప్పుడు అసలు చిక్కుముడికి వద్దాం. సొమ్మసిల్లడం, మూర్ఛపోవడం, సోయి తప్పడం, కళ్లు తిరగడం, ఫిట్స్ రావడం. వాడుకలో ఇవి ఎంత కలిసిపోయాయంటే, ఒకదానికి చేయాల్సిన పనిని ఇంకోదానికి చేసి మనుషులను పోగొట్టుకుంటున్నాం.

మూర్ఛ సంస్కృతం నుంచి వచ్చింది. ఆ ధాతువుకు గడ్డకట్టడం, చిక్కబడటం అనే అర్థం కూడా ఉంది. చిందు భాగవతుల ఆటలోనో, రామాలయంలో జరిగే రామాయణ కాలక్షేపంలోనో ఆ మాట విని పెరిగాం. కైక వరాలు కోరినప్పుడు దశరథుడు మూర్ఛపోతాడు, యుద్ధంలో ఆయుధం తగిలి లక్ష్మణుడు మూర్ఛపోతాడు. ఒకరిది దుఃఖం, ఇంకొకరిది గాయం, మాట ఒక్కటే. నాట్యశాస్త్రం మాత్రం చాలా జాగ్రత్తగా విడదీసింది. భావం ఒంటి మీద కనిపించే ఎనిమిది తీరులను సాత్త్విక భావాలని పేరు పెట్టి చెప్పింది: స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం. బిగుసుకుపోవడం, చెమట పట్టడం, వెంట్రుకలు నిక్కబొడుచుకోవడం, గొంతు పూడుకుపోవడం, వణకడం, రంగు మారడం, కన్నీరు, చివరగా సోయి తప్పడం. లోకం మునిగిపోయే ప్రళయాన్నే ఒక మనిషి సోయి తప్పడానికి పేరుగా పెట్టారు. పడిన మనిషికి నిజంగానే లోకం మునిగిపోతుంది కదా. అదే శాస్త్రం అపస్మారాన్ని మరో జాబితాలో, వచ్చి పోయే ముప్పై మూడు సంచారి భావాల్లో పెట్టింది. ఈనాడు మనం మూర్ఛ వ్యాధి అంటున్న జబ్బుకు ఆయుర్వేదంలో పేరు అపస్మారమే.

అంటే పాతకాలంలో వేరువేరుగా ఉన్న రెంటికి ఇప్పుడు మూర్ఛ ఒక్కటే పేరైంది. ఎండలో నిలబడి కళ్లు తిరిగి పడిన ఆడపిల్లకూ మూర్ఛే, మెదడులో విద్యుత్తు అదుపు తప్పి కొట్టుకునే మనిషికీ మూర్ఛే. ఒకసారి పడిపోయిందన్న కారణంగా మూర్ఛ వ్యాధి ముద్ర పడి, పెళ్లి సంబంధాలు తప్పిపోయిన అమ్మాయిలు ఉన్నారు. ఇది మాట చేసిన అన్యాయం.

సొమ్మసిల్లడం అచ్చమైన తెలుగు మాట, కాస్త వదిలేశాం కానీ మళ్లీ తెచ్చుకోదగినది. చెడు కబురు విన్నప్పుడు, రక్తం చూసినప్పుడు, చాలాసేపు నిలబడినప్పుడు గుండె వేగం తగ్గుతుంది, కాళ్లలోని రక్తనాళాలు వదులవుతాయి, మెదడుకు రక్తం చాలదు. ముందుగా చెమట, వికారం, కళ్ల ముందు చీకటి. తర్వాత ఒరిగిపోవడం. పడుకోబెడితే రక్తం మళ్లీ మెదడుకు చేరి, సాధారణంగా ఒక నిమిషం లోపే తెలివి వస్తుంది, లేవగానే మనిషి సరిగ్గానే మాట్లాడుతుంది. కొడుకు శవం చూసి పడిపోయిన ఆ తల్లి సొమ్మసిల్లింది. అలాంటప్పుడు మన వాళ్లు చుట్టూ మూగి, నలుగురు పట్టుకుని లేపి కూర్చోబెడతారు. అది వద్దు. వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు ఎత్తి పట్టుకోవాలి, గాలి ఆడనివ్వాలి.

ఫిట్స్‌లో ఒళ్లు కట్టెలా బిగుస్తుంది, తర్వాత చేతులు కాళ్లు కొట్టుకుంటాయి, నాలుక కరుచుకోవచ్చు, బట్టలు తడవచ్చు, తెలివి వచ్చాక కూడా చాలాసేపు అయోమయంగా ఉంటుంది. చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టడం వల్ల ఏ మేలూ జరగదు. నోట్లో చెంచా పెడితే పళ్లు విరుగుతాయి. పక్కకు ఒత్తిగిల్లేలా తిప్పి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, గడియారం చూడాలి. అయిదు నిమిషాలు దాటితే 108.

ఊరేగింపులో పడిన యువకుడి సంగతి ఈ రెండూ కాదు. గుండెపోటు అంటే గుండెకు వెళ్లే రక్తనాళం పూడటం, ఆ మనిషి నొప్పి అని చెప్పగలడు. గుండె ఆగడం వేరు, తట్టినా పలకడు, ఊపిరి తీయడు. మధ్యమధ్య గురక పెట్టినట్టు వచ్చేది ఊపిరి కింద లెక్క కాదు. మొదటి క్షణాల్లో చేతులు కాస్త కొట్టుకోవచ్చు కూడా, అది చూసి ఫిట్స్ అనుకుని తాళంచెవుల కోసం పరిగెత్తుతారు. ఆ నిమిషాల్లో చేయాల్సింది 108కి ఫోను చేయించి, ఛాతీ నడుమ రెండు చేతులతో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, అయిదారు సెంటీమీటర్ల లోతు దిగేలా ఆపకుండా నొక్కడం. "మూర్ఛ వచ్చింది, అదే తగ్గుతుంది" అనే ఒక్క వాక్యం ఎన్ని ప్రాణాలు తీసిందో ఎవరు లెక్కపెట్టారు?

వడదెబ్బలో సోయి ఒక్కసారిగా పోదు. ముందు మాట తడబడుతుంది, చెప్పింది అర్థం కాదు, తిక్కగా ప్రవర్తిస్తాడు. అప్పటికే లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉంటుంది. నీడకు చేర్చి, ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరాలి. సోయి లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. సోయి అనే మాటకు తెలంగాణలో తెలివి అన్న అర్థంతో పాటు పట్టింపు, ధ్యాస అనే అర్థం కూడా ఉంది. "ఆయనకు ఇంటి సోయి లేదు" అంటాం. కొనుగోలు కేంద్రంలో ఆ రైతు మధ్యాహ్నం నుంచే తిక్కగా మాట్లాడుతున్నాడని పక్క కుప్ప వాళ్లు తర్వాత చెప్పారట. తాగాడేమో అనుకున్నారట.

గజేంద్రుడి మొర గుర్తుందా? పోతన ఆ ఒక్క పద్యంలో ఎంత వరుసగా చెప్పాడు! ముందు బలం రవ్వంత కూడా మిగలదు. తర్వాత ధైర్యం సడలుతుంది. ప్రాణాలు చోటు తప్పుతాయి. ఆ తర్వాతే "మూర్ఛ వచ్చె". నాలుగో మెట్టు మీద ఉన్న మాట అది. మన వార్తల్లో అదే మొదటి మెట్టు, చివరి మెట్టు కూడా.

పడిపోకుండా నిలిచిపోయే వాళ్లకూ మాటలున్నాయి. మ్రాను అంటే చెట్టు, మ్రాన్పడటం అంటే చెట్టైపోవడం. కొయ్యబారిపోవడమూ అంతే. చావు ఇంట్లో కన్నీటి చుక్క రాల్చకుండా గోడకు ఆనుకుని కూర్చున్న భార్యను చూసి, "ఎలాగైనా ఏడిపించండి" అని పెద్దవాళ్లు తొందరపడతారు. బలవంతం అక్కర లేదు గానీ, ఆ మౌనాన్ని ధైర్యం అనుకోకూడదని వాళ్లకు తెలుసు.

ఏడుపుకు మన భాషలో ఉన్నన్ని ధ్వనులు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. బావురుమనడం ఒక్క మనిషి పని, అప్పటిదాకా బిగబట్టుకుని తన వాళ్లు కనిపించగానే వదిలేయడం. అన్న గడపలో అడుగు పెట్టగానే చెల్లెలు బావురుమంటుంది. గొల్లుమనడం గుంపుది. అంబులెన్స్ ఊరి పొలిమేర దాటగానే ఇల్లంతా గొల్లుమంటుంది. భోరుమనడంలో వాన ఉంది, భోరున కురిసే వాన. వలవల ఏడవడంలో గొంతు లేదు, నీళ్లే. వెక్కి వెక్కి ఏడవడం ఊపిరి తెగిన ఏడుపు. కుళ్లి కుళ్లి ఏడవడం ఏళ్ల ఏడుపు. చిన్నపిల్లలు గుక్కపట్టి ఏడ్చి, ఊపిరి బిగబట్టి, నీలంగా మారి వేలాడిపోతారు. తల్లి ప్రాణం పోయినంత పనవుతుంది, కానీ ఊపిరి దానంతటదే తిరిగి వస్తుంది. ఇది చాలావరకు ప్రమాదం లేనిది, అయిదారేళ్లకు పోతుంది. తరచుగా వస్తుంటే రక్తహీనత ఉందేమో చూపించాలి.

లబోదిబోమనడం గురించి ఒక మాట చెప్పాలి. నోటి మీద చేత్తో కొట్టుకుంటూ ఏడ్చే ధ్వని అది. వడగళ్ల వానకు ధాన్యం తడిసిన ప్రతిసారీ "రైతుల లబోదిబో" అని శీర్షిక పెడతారు. నేనూ పెట్టాను. ఆ మాటలో ఎక్కడో ఒక వేళాకోళం అంటుకుని ఉంది. పంట పోయిన మనిషి మీద దాన్ని వాడకూడదు.

శోకాలు పెట్టి ఏడవడం వీటన్నింటి నుంచి వేరు. మా ఊళ్లలో ఆడవాళ్లు ఒకరి మెడ ఒకరు పట్టుకుని, పోయిన మనిషిని పిలుస్తూ, ఆ మనిషి చేసిన పనులు, తిన్న తిండి, చెప్పకుండా వెళ్లిపోయిన అన్యాయం అన్నీ ఒక వరుసలో అల్లుతూ ఏడుస్తారు. దానికి రాగం ఉంది, ఎత్తుకోవడం ఉంది, ఒకరు ఆపితే ఇంకొకరు అందుకోవడం ఉంది. చదువుకున్న పిల్లలు అది నటన అనుకుని సిగ్గుపడటం చూశాను. విరిగిపోతున్న మనిషిని విరగనిస్తూనే చుట్టూ నాలుగు చేతులు పట్టుకుని ఉండే ఏర్పాటు అది. ఒంటరిగా బాత్రూములో కుళాయి విప్పుకుని ఏడ్చే వాళ్లకు ఆ ఏర్పాటు లేదు. మగవాళ్లకైతే అసలే లేదు. వాళ్లకు దొరికేవి రెండే, కంటతడి పెట్టడం, గుండె రాయి చేసుకోవడం.

గుండె గురించి చెప్పాలంటే, చెడు కబురుకు గుభేలుమంటుంది, భయానికి జారుతుంది, దుఃఖానికి చెరువవుతుంది, ఆ దుఃఖమే ఒక రోజు కట్టలు తెంచుకుంటుంది. పానగల్లు ఉదయ సముద్రం కట్ట మీద నిలబడి చూసినవాళ్లకు గుండె చెరువవడం అంటే ఎంత బరువో తెలుస్తుంది. వనపర్తి జిల్లాలో సరళాసాగర్‌కు నీటిమట్టం పెరిగితే వాటంతటవే పనిచేసే సైఫన్లు ఉన్నాయి. అయినా 2019 డిసెంబరు 31న, వానాకాలం ఎప్పుడో దాటిపోయాక, దాని కట్టకు గండి పడింది.

"గుండె పగిలింది" అన్నది మాత్రం ఒట్టి అలంకారం కాదు. 1990లో జపాన్ వైద్యులు ఒక స్థితిని వర్ణించారు. తీవ్రమైన దుఃఖమో భయమో కలిగిన వెంటనే ఛాతీ నొప్పి, ఆయాసం వస్తాయి, ఈసీజీ గుండెపోటులాగే ఉంటుంది, రక్తనాళాల్లో పూడిక మాత్రం కనిపించదు. గుండె ఎడమ కింది గది బుడ్డిలా ఉబ్బిపోతుంది. ఆ ఆకారం జపాన్‌లో ఆక్టోపస్‌లను పట్టే కుండలా ఉందని టకోట్సుబో అని పేరు పెట్టారు. ముట్లుడిగిన వయసు ఆడవాళ్లలో ఎక్కువ. చాలామంది కొన్ని వారాల్లో కోలుకుంటారు, కానీ కొందరిలో ప్రమాదకరం, అందుకే దుఃఖంలో వచ్చిన నొప్పి అని ఇంట్లో ఉంచకూడదు.

కొత్తగా వచ్చిన మాటలు కొన్ని సాయం చేశాయి, కొన్ని పొగ కమ్మించాయి. "బీపీ డౌన్ అయింది", "షాక్‌లో ఉన్నాడు" అంటే ఎవరూ సిగ్గుపడరు, అది మేలే. నెర్వస్ బ్రేక్‌డౌన్ అనే పేరుతో వైద్య గ్రంథాల్లో ఏ జబ్బూ లేదు. ఇక పని చేయలేని స్థితికి చేరాడని దాని అర్థం, ఎందుకు చేరాడో అది చెప్పదు. గోడల మీద రాతల్లో కనిపించే నరాల బలహీనత 1869లో బియర్డ్ అనే అమెరికా వైద్యుడు ప్రచారంలోకి తెచ్చిన మాటకు చుట్టం. అక్కడ వాడుక పోయినా ఇక్కడ మందులు అమ్ముతూనే ఉంది. హిస్టీరియా అనే మాట పుట్టుక గ్రీకులో గర్భసంచి. అమెరికా మానసిక వైద్యుల గ్రంథం 1980లోనే దాన్ని జబ్బుల పేర్ల నుంచి తీసేసింది. హాస్టల్లో ఒక అమ్మాయి కొట్టుకుని పడితే గాలి సోకిందనో, నాటకమనో ఇప్పటికీ అంటాం. మెదడు విద్యుత్తులో తేడా లేకుండానే, మోయలేని బాధ వల్ల ఒళ్లు అదుపు తప్పే స్థితి నిజంగా ఉంది. ఆ పిల్ల నటించడం లేదు.

మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో 2019లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. 2022 అక్టోబరు 10న మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళకైనా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. అక్కడ డిప్రెషన్ అనే మాటే వాడనక్కర లేదు. రంది పట్టింది, నిద్ర లేదు, బతకాలని లేదు అంటే చాలు, వింటారు. పిచ్చాసుపత్రి భయంతో, "ఎర్రగడ్డకు పంపాలి" అనే ఎగతాళికి జంకి ఆ రైతు ఎవరికీ చెప్పుకోలేదని ఆయన భార్య తర్వాత మరోసారి మాట్లాడినప్పుడు చెప్పారు.

ఆ ఉద్యోగం మానేసి చాలా కాలమైంది. ఆనాటి వార్త కత్తిరింపు నా దగ్గరే ఉంది, నాలుగు వరుసలు. అదే చోటులో పట్టేలా దాన్ని మళ్లీ రాశాను:

"ధాన్యం కాంటా కోసం మూడు రోజులుగా కేంద్రంలో ఉన్న రైతు మంగళవారం వడదెబ్బతో చనిపోయాడు. మధ్యాహ్నం నుంచి మాట తడబడుతోందని, సాయంత్రానికి సోయి తప్పి పడిపోయాడని తోటి రైతులు తెలిపారు. బోర్లలో నీళ్లు పడక సంక్రాంతి నుంచీ ఆయనకు రంది పట్టిందని, నిద్ర, తిండి సరిగా లేవని భార్య చెప్పారు."